సిగ్నల్ అందుతోందా? వైర్‌లెస్, ఐఓటీ పరిశోధనపై పాఠకుల ప్రశ్నలు

వైర్‌లెస్ మీద, వస్తువులను ఇంటర్నెట్‌కు కలిపే ఐఓటీ మీద ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల నుంచే వచ్చాయి. ఒకేలాంటి వాటిని కలిపి ఆరు ప్రశ్నలుగా తీసుకున్నాం. పేర్లు వేయలేదు.

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర కాలేజీలో సీఎస్‌ఈ (ఐఓటీ) నాలుగో సంవత్సరం చదువుతున్నాను. నిండగానే మున్సిపాలిటీకి మెసేజ్ పంపే స్మార్ట్ చెత్తబుట్ట చేశాం, కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది. దీన్నే పెంచుకుంటూ పోతే ఐఓటీలో పరిశోధన అవుతుందా? ముందు ఏం చదవాలి సార్?

బహుమతికి అభినందనలు. అయితే మీ దగ్గర ఇప్పుడున్నది ప్రాజెక్టు. పని చేస్తోందని చూపిస్తే ప్రాజెక్టు ముగిసిపోతుంది. ఎంత బాగా చేస్తోంది, ఎప్పుడు చేయదు, అంతకుముందు ఉన్న పద్ధతి కంటే ఎంత మెరుగు అని అడిగిన చోట పరిశోధన మొదలవుతుంది.

మీ బుట్టనే తీసుకోండి. లోపల పెట్టింది హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ అయితే అది ధ్వని వేగాన్ని బట్టి దూరం కొలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది, మే నెలలో ఎండకు కాలిన బుట్టలో 45 డిగ్రీల దగ్గర సుమారు 358 మీటర్లు. ఆ తేడా లెక్కలో వేయకపోతే మీటరు లోతుకు 4 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. పది రూపాయల థర్మిస్టర్ పెట్టి దీన్ని సరిచేయవచ్చు, కాబట్టి ఇది మంచి ఇంజనీరింగే తప్ప పేపర్ కాదు. ఇప్పుడు ప్రశ్న మార్చండి: బుట్ట ఎన్ని నిమిషాలకోసారి నిద్ర లేచి కబురు పంపితే బ్యాటరీ ఏడాది వస్తుంది, అదే సమయంలో పొంగిపోయిన బుట్ట గంటకు మించి ఎవరికీ తెలియకుండా ఉండదు? తరచుగా పంపితే కరెంటు ఖర్చు, అరుదుగా పంపితే సమాచారం పాతబడిపోతుంది. ఈ పాతబడటాన్నే 'ఏజ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్' పేరుతో గణితంలో పెట్టి చదువుతారు. వీధిలో 500 బుట్టలు ఒకే ఛానల్ మీద మాట్లాడబోతే ఎవరి మాట ఎవరికి అడ్డు వస్తుందన్నది ఇంకో ప్రశ్న. చెత్తబుట్ట అదే, దాన్ని అడుగుతున్న ప్రశ్న వేరు.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి చాలామంది పోస్టర్లలో కనిపించే తప్పొకటి. వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్పు ఈఎస్‌పీ32 డీప్ స్లీప్‌లో 10 మైక్రోఆంపియర్లే తాగుతుందని డేటాషీట్‌లో చూసి, 2600 ఎంఏహెచ్ సెల్‌తో ఏళ్ల తరబడి నడుస్తుందని రాసేస్తారు. ఆ 10 మైక్రోఆంపియర్లు చిప్పు ఒక్కదానివి. డెవ్‌కిట్ బోర్డు మీద వోల్టేజీ రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్పు, ఎర్ర ఎల్‌ఈడీ మేలుకునే ఉంటాయి. బోర్డు మొత్తం 10 మిల్లీఆంపియర్లు లాగితే అదే సెల్ 260 గంటలు, అంటే 11 రోజులు కూడా నిండదు. డేటాషీట్ అంకె రాయకండి, మీటరు పెట్టి కొలిచిన అంకె రాయండి.

ఇక చదువు. వైర్‌లెస్ పరిశోధనకు కావలసిన మూడు: ప్రాబబిలిటీ–ర్యాండమ్ ప్రాసెసెస్, లీనియర్ ఆల్జీబ్రా, డిజిటల్ కమ్యూనికేషన్. సీఎస్‌ఈ (ఐఓటీ) సిలబస్‌లో మూడోది నామమాత్రంగా ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. ఎన్‌పీటీఈఎల్‌లో ఈ మూడూ ఉచితంగా దొరుకుతాయి. వీడియోలు చూస్తూ పోవడం కాదు, అసైన్‌మెంట్లు చేతితో చేయాలి. గేట్‌ను బి.టెక్. బ్రాంచితో సంబంధం లేకుండా ఈసీ పేపర్‌లోనూ రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అయితే ఏ కోర్సుకు ఏ డిగ్రీ ఒప్పుకుంటారో సంస్థను బట్టి మారుతుంది. దరఖాస్తుకు ముందు ఆ ఏడాది బ్రోచర్‌లో అర్హత వరుస చదవండి.

గచ్చిబౌలి ట్రిపుల్‌ఐటీలో ఎం.ఎస్. బై రీసెర్చ్ ఉంది, దానికి పీజీఈఈ అనే సొంత ప్రవేశ పరీక్ష పెడతారు. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో రెండేళ్ల ఎం.టెక్.తో పాటు మూడేళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ ఎం.టెక్. కూడా ఉంటుంది. పరిశోధన వైపే వెళ్లాలని గట్టిగా అనుకునేవారికి ఆ మూడో ఏడాది వృథా కాదు, తొలి మంచి పేపర్ సాధారణంగా అందులోనే బయటికి వస్తుంది. 75 శాతం మార్కులతో నాలుగేళ్ల డిగ్రీ ఉంటే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. గణితం మీద పట్టు లేకుండా ఆ దారి పట్టమని మాత్రం చెప్పం.

ప్రశ్న: ఎం.టెక్. థీసిస్‌కు ఆన్‌లైన్‌లో 915 మెగాహెర్ట్జ్ లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) మాడ్యూళ్లు రెండు కొన్నాను. పెట్టె మీద 10 కిలోమీటర్లు అని ఉంది. మా కాలనీలో 300 మీటర్లు దాటడం లేదు. మాడ్యూల్ నకిలీదా? ఈ కొలతలతో పేపర్ రాయవచ్చా? (ఎల్బీనగర్ నుంచి)

ముందు ఆ 915 సంగతి చూద్దాం. అది అమెరికా బ్యాండ్. మన దేశంలో 890 నుంచి 915 దాకా మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే అప్‌లింక్. అక్కడ మీరు ప్రసారం చేయడం చట్టవిరుద్ధం. ఇక్కడ లైసెన్సు లేకుండా వాడుకోమని 2005లో ఇచ్చిన బ్యాండ్ 865–867 మెగాహెర్ట్జ్, 2021 నోటిఫికేషన్‌తో అది 868 దాకా పెరిగింది. లోరా పరికరాల నెట్‌వర్క్ ప్రమాణమైన లోరావ్యాన్‌లో దీనికి ఐఎన్865 ప్లాన్ ఉంది, అందులో డిఫాల్ట్ ఛానళ్లు మూడు: 865.0625, 865.4025, 865.985. మాడ్యూల్‌లో ఎస్‌ఎక్స్1276 చిప్పే ఉంటే పారేయనక్కర్లేదు. ఆ చిప్పు 865కు కూడా ట్యూన్ అవుతుంది, కోడ్‌లో ఫ్రీక్వెన్సీ మార్చాలి. బోర్డు మీది మ్యాచింగ్ భాగాలు 915కు కట్టినవి కాబట్టి ఒకటి రెండు డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) పోవచ్చు. యాంటెన్నా మాత్రం మార్చండి. 865 దగ్గర తరంగదైర్ఘ్యం 34.7 సెంటీమీటర్లు, పావు వంతు 8.7. తీగను 8.7కు కత్తిరించి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం) చూసుకోండి. సుమారు 8.2 దగ్గర కుదురుతుంది. యాంటెన్నా తగిలించకుండా ట్రాన్స్‌మిట్ నొక్కవద్దు, పవర్ యాంప్లిఫయర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇక 300 మీటర్లు. మాడ్యూల్ నకిలీదనుకోవడానికి ముందు ఈ లెక్క చూడండి. 14 డీబీఎం శక్తితో పంపితే ఎస్‌ఎఫ్12లో (ఎస్‌ఎఫ్ అంటే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, పెంచేకొద్దీ నెమ్మదిగా పంపి బలహీన సిగ్నల్‌ను కూడా వినే సెట్టింగు) మైనస్ 137 డీబీఎం దాకా వినగలదు, అంటే 151 డీబీ నష్టం తట్టుకుంటుంది. అడ్డేమీ లేని చోట కిలోమీటరుకు 865 దగ్గర నష్టం 91 డీబీయే. పెట్టె మీది 10 కిలోమీటర్లు అక్కడి నుంచి వచ్చింది. మీరు లైబ్రరీలో డిఫాల్ట్‌గా ఉన్న ఎస్‌ఎఫ్7 వాడి ఉంటారు, సున్నితత్వం అక్కడే 14 డీబీ దాకా తగ్గింది. రెండో కారణం ఎత్తు. కిలోమీటరు లింక్‌కు సరిగ్గా మధ్యలో సిగ్నల్ దారి చుట్టూ ఉండే మొదటి ఫ్రెనెల్ వలయం వ్యాసార్ధం 9.3 మీటర్లు, అందులో 60 శాతం, అంటే ఐదున్నర మీటర్లు ఖాళీగా ఉండాలి. మీరు నడుము ఎత్తులో పట్టుకొని నడిస్తే సగం వలయం భూమిలోనే ఉంటుంది. కాలనీలో అపార్ట్‌మెంట్లు, పిట్టగోడల మీద ఇనుప గ్రిల్స్, నీళ్ల ట్యాంకులు ఉండనే ఉన్నాయి. రిసీవర్‌ను మూడో అంతస్తు డాబా మీద, ట్యాంకుకు రెండు మీటర్లు దూరంగా, కర్ర కట్టి పైకి లేపి మళ్లీ చూడండి.

ఎస్‌ఎఫ్ పెంచితే అంతా సుఖమేనని కూడా అనుకోవద్దు. 125 కిలోహెర్ట్జ్‌లో 20 బైట్ల ప్యాకెట్ ఎస్‌ఎఫ్7లో 57 మిల్లీసెకన్లు గాలిలో ఉంటే, ఎస్‌ఎఫ్12లో 1319 మిల్లీసెకన్లు ఉంటుంది. 23 రెట్లు. అంతసేపు బ్యాటరీ ఖర్చవుతుంది, అంతసేపు పక్కవాడి ప్యాకెట్‌తో ఢీకొనే అవకాశం ఉంటుంది.

పేపర్ విషయం. "ఎల్బీనగర్‌లో లోరా 300 మీటర్లు వచ్చింది" అని రాస్తే ఎవరూ వేసుకోరు. కొలత ఎలా తీశారన్నదే ఇక్కడ సరుకు. ఒక్కోచోట పది ప్యాకెట్లు పంపి తొమ్మిది వచ్చాయి కాబట్టి 90 శాతం అని గ్రాఫు గీయడం మేము తరచూ చూసే తప్పు. 90 శాతం అందే చోట 100 ప్యాకెట్లు పంపినా మీ అంకెలో ప్లస్ ఆర్ మైనస్ 6 శాతం అనిశ్చితి ఉంటుంది. 400 పంపితే అది 3కు దిగుతుంది. పది సెకన్లకొకటి చొప్పున 400 ప్యాకెట్లకు ఒక్కో చోట 67 నిమిషాలు పడుతుంది, కాబట్టి 40 చోట్లకు బదులు 15 చోట్లు ఎంచుకుని గట్టిగా కొలవండి. ప్రతి ప్యాకెట్‌కూ వరుస సంఖ్య వేసి, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ, ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్‌కు నాయిస్‌కు నిష్పత్తి), సమయం, స్థానం ఫైలులో దాచండి. ఉదయం, రాత్రి రెండుసార్లు తీయండి.

ఇంకో ఉచ్చు ఉంది, రివ్యూయర్లు తరచుగా పట్టుకునేది ఇదే. అందని ప్యాకెట్‌కు ఆర్‌ఎస్‌ఎస్‌ఐ ఉండదు. దూరం వెళ్లేకొద్దీ బలహీనమైనవి ఎగిరిపోయి, బలమైనవే మీ సగటులో మిగులుతాయి. దాంతో దూరపు సిగ్నల్ ఉన్నదానికంటే మంచిగా కనిపిస్తుంది, పాత్‌లాస్ ఎక్స్‌పోనెంట్ (దూరంతో సిగ్నల్ ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే అంకె) నిజం కంటే తక్కువ వస్తుంది. పోయినవాటిని కూడా లెక్కలో పెట్టి, 'సున్నితత్వం కంటే తక్కువ' అన్న సమాచారంతో మాక్సిమమ్ లైక్లిహుడ్ (ఉన్న డేటాకు అత్యంత సంభావ్యమైన విలువ వెతికే పద్ధతి) ఫిట్ చేయాలి. రెండు పద్ధతుల్లోనూ ఎక్స్‌పోనెంట్ తీసి తేడా చూపించండి. అప్పుడు మీ దగ్గర చిన్నదైనా సరే, పరిశోధన ఫలితం ఉన్నట్టే.

ప్రశ్న: పీహెచ్‌డీ రెండో ఏడాది. నేను రాసిన బీపీఎస్‌కే, క్యూపీఎస్‌కే (బిట్లను తరంగం ఫేజ్‌లో పెట్టి పంపే పద్ధతులు) సిమ్యులేషన్ గ్రాఫులు సిద్ధాంతంలో వచ్చేదానికి 3 డీబీ పక్కన ఉంటున్నాయి. గైడ్ "కోడ్ చూసుకో" అంటున్నారు తప్ప ఇంకేం చెప్పడం లేదు.

గైడ్ అన్నది సబబే, కానీ ఎక్కడ చూడాలో మేము చెబుతాం. సరిగ్గా 3 డీబీ తేడా సాధారణంగా రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, క్యూపీఎస్‌కేలో ఒక్కో సింబల్‌కు రెండు బిట్లు. మీరు ఈఎస్/ఎన్0 (సింబల్ శక్తికి నాయిస్‌కు నిష్పత్తి) పెట్టి, గ్రాఫు అడ్డగీత కింద ఈబీ/ఎన్0 (బిట్ శక్తికి నాయిస్‌కు నిష్పత్తి) అని రాసి ఉంటారు. రెండు, కాంప్లెక్స్ నాయిస్‌లో ఒక్కో దిశకు వేరియన్స్ ఎన్0/2 ఉండాలి. మీరు రియల్, ఇమాజినరీ రెండింటికీ పూర్తి ఎన్0 ఇచ్చి ఉంటారు.

సరిచేశాక ఈ కొండగుర్తులతో పోల్చుకోండి. నాయిస్ మాత్రమే ఉన్న ఛానల్‌లో బీపీఎస్‌కే బిట్ ఎర్రర్ రేటు 10⁻⁵కు రావాలంటే 9.6 డీబీ చాలు. ర్యాలీ ఫేడింగ్‌లో (ప్రతిబింబాల వల్ల సిగ్నల్ పెరుగుతూ తగ్గుతూ ఉండే ఛానల్) అదే రేటుకు 44 డీబీ కావాలి. ఈ రెండూ కుదరనిదే మీ కొత్త అల్గారిథమ్ జోలికి పోవద్దు, పునాది పడకుండా మేడ లేవదు. గ్రాఫు చివర వణుకుతోందంటే బిట్లు చాలలేదని అర్థం. 10⁻⁵ దగ్గర పది లక్షల బిట్లు పంపితే దొరికే తప్పులు పదే, ఆ అంకె 30 శాతం అటూ ఇటూ ఊగుతుంది. కనీసం 100 తప్పులు పడేదాకా, అంటే కోటి బిట్లు, నడపండి.

5జీ మీద పని అయితే ఛానల్‌ను సొంతంగా ఊహించుకోకుండా మొబైల్ ప్రమాణాల సంస్థ 3జీపీపీ ఇచ్చిన టీఆర్ 38.901 నమూనా వాడండి. "ఈ ఛానల్ ఎందుకు?" అన్న ప్రశ్న రివ్యూలో రాకుండా పోతుంది.

ప్రశ్న: ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ నాలుగో ఏడాది. 18 వేలు కడితే పది రోజుల్లో పేపర్ వేస్తామని ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. స్కోపస్ (పరిశోధన పత్రికల డేటాబేస్)లో ఉందని కూడా రాశారు. తోటివాళ్లు కట్టేస్తున్నారు.

కట్టకండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పది రోజుల్లో నిజమైన రివ్యూ జరగదు. మంచి వైర్‌లెస్ జర్నల్‌లో మొదటి నిర్ణయానికే రెండు మూడు నెలలు పడుతుంది, రివిజన్లతో కలిపి ఏడాది అనుకోండి. మెయిల్‌లో ఇచ్చిన లింకు నొక్కకుండా, స్కోపస్ సోర్స్ జాబితాలోకి మీరే వెళ్లి ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య)తో వెతకండి. పేరు ఉంటే చాలదు. ఇప్పటికీ కొనసాగుతోందా, ఆపేశారా అన్నది చూడండి. అసలు జర్నల్ పేరునే పెట్టుకుని నకిలీ సైట్లు నడుస్తాయి, కాబట్టి జాబితాలో ఉన్న ప్రచురణకర్తా, మెయిల్ పంపినవాళ్లూ ఒకరేనా అన్నది కూడా సరిచూడండి. యూజీసీ గుర్తించిన జర్నళ్ల కేర్ జాబితాను 2025లో నిలిపేశారు, ఇంకా దాన్ని చూపించి నమ్మించేవారి విషయంలో జాగ్రత్త.

డబ్బు అడిగిన ప్రతి జర్నలూ మోసం కాదు. పూర్తి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు ఫీజు తీసుకుంటాయి. కానీ ఐఈఈఈలో ట్రాన్సాక్షన్స్ ఆన్ వైర్‌లెస్ కమ్యూనికేషన్స్, కమ్యూనికేషన్స్ లెటర్స్, 2014లో మొదలైన ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ జర్నల్ లాంటి వాటిలో ఓపెన్ యాక్సెస్ కోరకపోతే, పేజీల పరిమితి దాటకపోతే రూపాయి కట్టకుండానే వేయించుకోవచ్చు. మీ వంటివారికి కమ్యూనికేషన్స్ లెటర్స్ అనుకూలం: నాలుగైదు పేజీలు, ఒకే ఆలోచన. అంతకంటే ముందు ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే నేషనల్ కాన్ఫరెన్స్ ఆన్ కమ్యూనికేషన్స్‌కు పంపండి, ఎన్‌సీసీ అంటారు. జనవరిలో బెంగళూరులో జరిగే కామ్‌స్నెట్స్ కూడా మంచిదే.

మీ తొందర మాకు అర్థమవుతుంది. ఏఐసీటీఈ 2019 నిబంధనల్లో అసోసియేట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ, ఎనిమిదేళ్ల అనుభవంతో పాటు ఆరు పేపర్లు అడుగుతారు, పైగా మీకు వారానికి 16 గంటల క్లాసులు. థీసిస్ ఇవ్వడానికి మాత్రం పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ ఇంకా అడుగుతోందేమో దాని సొంత రూల్సు చూసుకోండి. సిమిలారిటీ (ఇతరుల రచనలతో పోలిక) 10 శాతం లోపు ఉండాలన్నది 2018 యూజీసీ నిబంధన. దానికోసం వాక్యాలు అటూఇటూ తిప్పే సాఫ్ట్‌వేర్ వాడితే 'సిగ్నల్ టు నాయిస్ రేషియో' కాస్తా 'సంకేతానికి గొడవకు నిష్పత్తి' అనే అర్థం వచ్చే ఇంగ్లీషుగా మారిపోతుంది, రివ్యూయర్ మొదటి పేజీలోనే పసిగడతాడు.

ప్రశ్న: మా అమ్మాయికి క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అది వదిలేసి వైర్‌లెస్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఐదారేళ్లు ఎలా గడుస్తుంది, ఆ తర్వాత ఏముంది? (ఒక తండ్రి, మల్కాజ్‌గిరి)

డబ్బు సంగతి మొదట. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. హెచ్‌ఆర్‌ఏ గానీ హాస్టల్ గానీ వేరు. ఐఐటీల్లో ఫుల్‌టైమ్ వారికి ఇదే స్థాయిలో అందుతుంది. రాష్ట్ర యూనివర్సిటీల్లో మాత్రం జేఆర్‌ఎఫ్ లేకుండా చేరితే ఫెలోషిప్ ఉండకపోవచ్చు. సీటు వచ్చిందనగానే సంబరపడకుండా "నెలకు ఎంత, ఎన్నేళ్లు, ఎవరు ఇస్తారు" అని రాతపూర్వకంగా అడిగించండి.

తర్వాత. ఏఐసీటీఈ స్కేలు ఇచ్చే చోట అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. ఐఐటీల్లో గ్రేడ్-1 అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 1,01,500, కానీ పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు, అంటే మధ్యలో పోస్ట్‌డాక్ ఉంటుంది. రాష్ట్ర యూనివర్సిటీ నియామకాలు ఎప్పుడు పడతాయో చెప్పలేం, వాటినే నమ్ముకుని కూర్చోవద్దు. హైదరాబాద్‌లో ఇంకో దారి ఉంది. క్వాల్‌కామ్ వంటి చిప్ కంపెనీల్లో మోడెమ్, సిస్టమ్స్ విభాగాలకు ఈ చదువే కావాలి. రక్షణ రంగంలో డీఆర్‌డీఓ ల్యాబ్ డీఎల్‌ఆర్‌ఎల్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్ ఎన్‌బీ-ఐఓటీ (మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే ఐఓటీ) చిప్పు చేసింది. దేశీయ 5జీ టెస్ట్‌బెడ్ 2022 మేలో ప్రారంభమైంది, అందులో ఆ ఐఐటీ కూడా భాగస్వామి.

అమ్మాయిని ఒక్కటి చేయమనండి. చేరబోయే గైడ్ దగ్గర గత ఐదేళ్లలో ఎందరు పూర్తి చేశారు, ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడున్నారు, మధ్యలో ఎందరు మానేశారు? గైడ్‌ను కాదు, ఆ ల్యాబ్‌లో మూడో ఏడాది విద్యార్థిని అడగాలి. జవాబు చెప్పడానికి ఆ విద్యార్థి తటపటాయిస్తే ఆ తటపటాయింపే జవాబు. ఆ గైడ్ పేపర్లు రెండు చదివి, మూడో పేజీ సమీకరణం దగ్గర ఒక నిజమైన సందేహంతో మెయిల్ రాయమనండి. "రెస్పెక్టెడ్ సార్, ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" అని వంద మందికి ఒకే మెయిల్ పంపితే అది డిలీట్ అవుతుంది.

ప్రశ్న: మా ల్యాబ్‌కు మొదటి ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) కొనాలి. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆరా, ప్లూటోనా?

వినడానికి మాత్రమే అయితే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ చాలు: 8 బిట్లు, సెకనుకు 2.4 మెగాశాంపుల్స్, ట్రాన్స్‌మిట్ ఉండదు. ఎఫ్‌ఎం, లోరా, శంషాబాద్ విమానాల ఏడీఎస్-బీ (విమానం తన స్థానం చెప్పే సిగ్నల్) పట్టుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. పంపడం కూడా కావాలంటే ఆడాల్మ్-ప్లూటో, 12 బిట్లు, 325 మెగాహెర్ట్జ్ నుంచి 3.8 గిగాహెర్ట్జ్. దాని మీద 61.44 మెగాశాంపుల్స్ అని ఉంటుంది గానీ యూఎస్‌బీ 2.0 గుండా ఆగకుండా వచ్చేది నాలుగైదే. 20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ సిగ్నల్‌ను నిరంతరం రికార్డు చేద్దామనుకుని కొంటే నిరాశే.

ప్లూటోతో గాలిలోకి ప్రసారం చేసే ముందు బ్యాండ్ చూసుకోండి. లైసెన్సు బ్యాండ్లలో ప్రయోగానికి టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఎక్స్‌పెరిమెంటల్ లైసెన్సు కావాలి, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. అది వచ్చేదాకా టీఎక్స్ నుంచి ఆర్‌ఎక్స్‌కు ఎస్‌ఎంఏ కేబుల్ కట్టి మధ్యలో 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించేది) పెట్టండి. అది లేకుండా కలిపితే రిసీవర్ సాచురేట్ అయ్యి మీ కాన్స్టెలేషన్ (సింబళ్ల చుక్కల బొమ్మ) చెదిరిన ముగ్గులా కనిపిస్తుంది, తప్పు కోడ్‌లో ఉందనుకుని వారం పోగొట్టుకుంటారు. వైర్లు, రెసిస్టర్లు, హెడర్ పిన్నులకు కోఠి గుజరాతీ గల్లీ చాలు. ఎస్‌ఎంఏ కేబుళ్లు, అటెన్యుయేటర్లు మాత్రం ఫ్రీక్వెన్సీ రేటింగ్ రాసి ఉన్నవే తీసుకోండి. అక్కడ తక్కువ ధరకు దొరికిన కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఎంత మింగుతుందో కొలిచాకే లింక్ బడ్జెట్‌లో వేసుకోండి.